పేటలో నడిచి నందిగామలో నడవని ప్రోగ్రాం

నేను రాసిన ప్రోగ్రాం జగ్గయ్యపేటలో పరుగులు తీసేది. నందిగామలో అడుగు వేసేది కాదు. రెండూళ్ళకీ మధ్య ఉన్నది ఒక హైవే, చిల్లకల్లు అనే ఒక ఊరు, లెక్కకు అందనన్ని సిమెంటు లారీలు. ఈ మూడింటిలో ఏది నా ప్రోగ్రాం కాలు విరగ్గొడుతోందో తెలుసుకోవడానికి నేను ఒక వారం పాటు రోజూ బస్సెక్కాను. ఆ వారంలో నాకు తెల్లబడిన వెంట్రుకలతో మా ఇంటిల్లిపాదికీ ఒక పరుపు కుట్టించవచ్చు.

ముందు నా సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఒక కంపెనీ ఇరవై రెండేళ్ళు నా చేత ప్రోగ్రాములు రాయించుకుని, ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, నా సేవలు మరువలేనివని చెప్పి మరిచిపోయింది. నేను పేటలో సొంతింటికి చేరుకున్నాను. చేరిన మూడో రోజే వత్సవాయి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అతనికి అక్కడ ఎరువుల కొట్టుంది.

"ఊరికే ఇంట్లో కూర్చోటం దేనికి బావా! వచ్చి మా కౌంటర్లో కూర్చో. నీకు కూర్చునే పని అలవాటే గదా. పైన ఫ్యానుంది."

అతను మంచివాడే. మంచివాడు కావడమే ప్రమాదం. చెడ్డవాడైతే కాదనడం తేలిక.

ఆ ప్రమాదం నుంచి నన్ను బయట పడేయడానికి మా ఆవిడ ఒక దారి వెతికింది. నందిగామ కాలేజీలో తనతో చదువుకున్నావిడ అక్కడే ఒక మందుల హోల్‌సేల్ కొట్టు యజమాని ఇంటి కోడలు. కొట్టు నడిపేది ఆమే, నడిపిస్తున్నానని అనుకునేది ఆమె మామగారు. చుట్టుపక్కల ఊళ్ళలోని మెడికల్ షాపుల వాళ్ళు తమకు కావలసిన మందులు ఫోన్లో నొక్కితే, ఆ ఆర్డర్లు ఇంటర్నెట్లో ఎక్కడో ఉన్న సర్వర్లో పడి, అక్కడి నుంచి ఈ కొట్టులోని కంప్యూటర్లోకి దిగాలి. అదీ వాళ్ళకు కావలసిన ప్రోగ్రాం. "మా ఆయన రాస్తారు, నాదీ పూచీ" అని మా ఆవిడ మాటిచ్చేసింది. నేను రాసేశాను. ఇంట్లో నా లాప్‌టాప్ మీద ఆర్డర్లు వానలా కురిశాయి.

కొట్టులో పెట్టడానికి సోమవారం వెళ్ళాను. పెద్దాయన కుర్చీలో కూర్చుని నన్ను పైనుంచి కింది దాకా చూశారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మాటకీ మాటకీ మధ్య ఒక టీ తాగి రావచ్చు, అంత నిదానం.

"చూడు బాబూ. శనివారం దాకా నీకు టైమిస్తున్నా. అప్పటికి నడిచిందా, కొట్టు నీది. నడవలేదా, సోమవారం పొద్దున విజయవాడ వాళ్ళొచ్చి వాళ్ళది పెట్టుకుంటారు."

"శనివారం దాకా దేనికండీ బాబాయిగారూ! ఇయ్యాల సాయంత్రానికే ఆర్డర్లు చూపిస్తా," అన్నాను. మనిషికి నోరుండటం ఎంత అనర్థమో ఆ తర్వాత ఐదు రోజులూ తెలిసొచ్చింది.

కంప్యూటర్ సరికొత్తది. పూజ చేసినట్టున్నారు, తెరకు నాలుగు మూలలా గంధం బొట్లు, వాటి మీద కుంకుమ. ఒక్కొక్క బొట్టు చిన్న సైజు దోసెంత ఉంది. పెద్దాయన ఒక షరతు పెట్టారు. ఈ కంప్యూటర్లో మొదట తెరుచుకోవలసింది మా వ్యాపారం. బోణీ కాకుండా సినిమాలు, వార్తలు, ఇంకే సైటూ తెరవడానికి వీల్లేదు. నేను నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టుకుంటే మాత్రం అభ్యంతరం లేదన్నారు. అది ఆయన దృష్టిలో ఇల్లు ఊడ్చుకోవడం లాంటిది.

ఈ రోజుల్లో ఎవరూ ప్రోగ్రాం మొత్తం సొంతంగా రాయరు. పెళ్ళి భోజనాలకు మనమే వండనట్టే. ఎవరో రాసి ఇంటర్నెట్లో ఉంచిన ప్యాకేజీలు తెచ్చుకుంటాం. ఒక దాన్ని పిలిస్తే, దాని తోడల్లుణ్ణి కూడా పిలవాలంటుంది. తోడల్లుడు తన వియ్యంకుడు లేనిదే రానంటాడు. తేదీ అచ్చు వేసే పాపానికి నేను ఒక్క ప్యాకేజీని పిలిస్తే, దాని వెనక నలభై మంది దిగారు. పేటలో నా లాప్‌టాప్‌కి వీళ్ళంతా చక్కగా వచ్చి కూర్చున్నారు. నందిగామలో ఒక్కడూ గడప దాటలేదు. ప్రతివాడికీ ఒకటే ఎర్ర గీత: సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్.

సర్టిఫికెట్ అంటే సర్వర్ చూపించే గుర్తింపు కార్డు. మన కంప్యూటర్ దాన్ని పరీక్షగా చూసి, వీడు వీడే అని నమ్మకం కుదిరితేనే తలుపు తీస్తుంది. ఇక్కడ కుదరలేదు. ఎందుకు కుదరలేదో ఆ ఎర్ర గీతలోనే, ఆ మూడు మాటల పక్కనే, ఇంకో ఐదు మాటల్లో రాసి ఉంది. నేను చదవలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడు ఎర్రర్ మెసేజీ చివరి దాకా చదవడు. మొదటి మూడు మాటలకే తల పంకించి, తెలుసులే అంటాడు.

"ఇంటర్నెట్ సరిగా లేదండీ," అన్నాను తెలిసినవాడిలా.

"అదేంటన్నయ్యగారూ, నా ఫోన్ దాని మీదే నడుస్తోంది గదా," అంది కోడలుగారు, ఫోన్లో ఎవరికో దగ్గు మందు ధర చెబుతూనే.

మంగళవారం తెలివి ఉపయోగించాను. ఇంట్లో నా లాప్‌టాప్‌లోంచి నలభై ప్యాకేజీలనీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పెళ్ళివాళ్ళని లారీలో తోలినట్టు నందిగామ తోలుకొచ్చాను. దిగీ దిగగానే కొట్లాట మొదలైంది. ప్రోగ్రాం నడిపే భాష నా లాప్‌టాప్‌లో పాత వెర్షన్, కొట్టు కంప్యూటర్‌లో కొత్త వెర్షన్. ఒక ప్యాకేజీ, ఫలానా తోడల్లుడి వెర్షన్లలో నాకు రెండో నంబరువాడు ఉంటేనే పని చేస్తానంటుంది. ఇంకోటి, మూడో నంబరువాడు లేని చోట నేనుండనంటుంది. ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెట్టడానికి లేదు. రెండోవాణ్ణి పెడితే మొదటిది నవ్వుతుంది, రెండోది ఏడుస్తుంది. మూడోవాణ్ణి పెడితే ఏడుపులు అటూ ఇటూ మారతాయి. ఒక బంతిలో ఇద్దరు అలిగిన వియ్యపురాళ్ళని కూర్చోబెట్టి వడ్డించిన అనుభవం ఉన్నవాళ్ళకి నా బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చివరికి నా లాప్‌టాప్‌లో ఉన్న పాత వెర్షన్‌నే అక్కడా పెట్టి, ఎవరు ఏ నంబరుతో ఉన్నారో ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఒక్కొక్కర్నీ అదే వరసలో కూర్చోబెట్టేసరికి బుధవారం సాయంత్రమైంది. ప్రోగ్రాం తెర మీద తెరుచుకుంది! నేను లేచి నిలబడ్డాను. పెద్దాయన కూడా లేచి నిలబడ్డారు. నేను "ఆర్డర్లు తెప్పించు" అన్న మీట నొక్కాను.

సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్.

ఇద్దరం కూర్చున్నాం.

"ఆర్డర్లేవి బాబూ?"

"దారిలో ఉన్నయ్యండీ."

"ఏ బస్సుకొస్తున్నయ్యి?"

ఆ ప్రశ్నకి ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు చెప్పరు.

గురువారం నా లాప్‌టాప్‌ని మోసుకెళ్ళాను. కొట్టులో వాళ్ళ ఇంటర్నెట్టే తగిలించి మీట నొక్కాను. ఆర్డర్లు దూకాయి. పెనుగంచిప్రోలు, వత్సవాయి, మైలవరం, అన్ని షాపుల పేర్లూ వరసగా పడ్డాయి. అంటే హైవే తప్పు లేదు. సిమెంటు లారీలు నిర్దోషులు. ఇంటర్నెట్ పతివ్రత. దోషం ఆ కొత్త పెట్టెలోనే ఉంది. పెద్దాయన నా లాప్‌టాప్ వైపు ఆశగా చూశారు.

"మరి ఇదే ఇక్కడ పెట్టెయ్యరాదూ?"

"ఇది నాదండీ."

"పోనీ మాది నువ్వు తీసకపో."

ఇక ఆ పెట్టెకు నేను చేయని వైద్యం లేదు. యాంటీవైరస్ మధ్యలో దూరి కార్డులు మారుస్తోందేమోనని దాన్ని పీకేశాను. నమ్మదగిన సంతకాల జాబితా పాతబడిందేమోనని కొత్తది తెచ్చి వేశాను. పాత జ్ఞాపకాలన్నీ తుడిచాను. విప్పి బిగించాను, ఆపి వెలిగించాను, బతిమాలాను, ఒకసారి పక్కనించి చిన్నగా కొట్టాను. సర్వర్ దగ్గరున్న నా కార్డు చెల్లుబాటులో ఉందా అని కూడా చూసుకున్నాను. లక్షణంగా ఉంది, మూడు వారాల క్రితమే కొత్తది తీసుకున్నాను. ప్రతి వైద్యం తర్వాతా అదే ఎర్ర గీత. ఆ గీతని నేను మొదటి మూడు మాటల దాకా కొన్ని వేల సార్లు చదివాను.

కోడలుగారికి నా మీద జాలి కలిగింది. టీతో పాటు బిస్కెట్లు రావడం మొదలైంది. తలనొప్పి మాత్ర ఒకటి కూడా ఇచ్చింది. ఇచ్చే ముందు ఆ అట్టని వెలుతురుకి పెట్టి, తయారీ తేదీ, గడువు తేదీ రెండూ చూసి మరీ ఇచ్చింది. ఆ కొట్టులో గాలి కూడా తేదీ చూడకుండా ఎవరూ పీల్చరు.

శుక్రవారం ఇంటికి వచ్చాక దుర్బుద్ధి పుట్టింది. ఏ ప్రోగ్రామర్‌కైనా ఈ ఘట్టంలో పుట్టేదే. ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను కలిపితే చాలు, కంప్యూటర్ కార్డు అడగడం మానేస్తుంది. ఎవడొచ్చి నేను సర్వర్నంటే వాడికి తలుపు తీస్తుంది. ఎర్ర గీత రాదు. నేను ఎరువుల కొట్టుకు పోనక్కర్లేదు. లైను రాశాను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎక్కించాక, చేసిన పని ఎవరికైనా చెప్పుకోకపోతే నిద్రపట్టదు కాబట్టి మా ఆవిడకు చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "అంటే ఏంటండీ?"

"అంటే, వాకిట్లో కాపలావాడు ఎవర్నీ రానివ్వటంలా. వాణ్ణి ఇంటికి పంపించేస్తన్నా."

"వాడు ఎందుకు రానివ్వటం లేదో కనుక్కున్నారా?"

"అది తెలిస్తే ఈ ఖర్మెందుకు?"

"మందుల కొట్టు గదండీ. ఎవడో మధ్యలో దూరి ఆర్డర్ మార్చాడనుకోండి, షుగర్ మందుకి బదులు ఇంకోటి పోద్ది. అప్పుడు నేను దాని మొహం ఎట్టా చూడాలి?"

దాని మొహం అంటే కోడలుగారి మొహం. నా మొహం సంగతి ఎవరికీ పట్టలేదు.

"పొద్దున ఇంకోసారి చూసి, అప్పటికీ కాకపోతే పెడతాలే," అన్నాను. ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల మీద పడింది. ఒక్కొక్క కాయ టప్పున విరగడం నాకు వంటింట్లోంచి హాలు దాకా వినపడింది.

శనివారం మొదటి బస్సుకే వెళ్ళాను. ఎనిమిదిన్నరకల్లా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మీట నొక్కాను. ఎర్ర గీత. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను.

"తొమ్మిదింటికి రాహుకాలం వస్తది బాబూ. టైమెంతైందో చూసి కానీ," అన్నారు పెద్దాయన వెనక నుంచి.

తెర కింద కుడి మూల చూశాను. ఎనిమిదీ ముప్పై ఆరు. దాని కింద ఎండిన గంధం బొట్టు. వారం రోజులుగా ఆ బొట్టు నా కళ్ళెదుటే ఉంది. విసుగులో మనిషి చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి గోకుతుంది. నేను బొట్టును గోకాను. పెచ్చు ఊడి పడింది. దాని కింద తేదీ కనిపించింది.

అది ఆ రోజు తేదీ కాదు. సుమారు నెలా పది రోజుల కిందటిది.

నా చేతిలో పెన్‌డ్రైవ్ అలాగే ఉండిపోయింది. మళ్ళీ ఎర్ర గీత వైపు తిరిగాను. మొదటి మూడు మాటలు దాటాను. అక్కడుంది, సోమవారం నుంచీ నా కోసం కాచుకుని ఉన్నట్టు: ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు. మూడు వారాల క్రితం పుట్టిన కార్డుని, నెలా పది రోజుల వెనక బతుకుతున్న కంప్యూటర్‌కి చూపిస్తే అది ఇంకేమంటుంది? ప్యాకేజీల దుకాణం కూడా ఈ మధ్యనే కార్డు మార్చుకున్నట్టుంది. అందుకే మొదటి రోజు ఎవరూ గడప దాటలేదు. తోడల్లుళ్ళ తగాదా, ఆర్డర్ల తగాదా వేరు వేరు జబ్బులనుకుని నేను వేరు వేరు మందులు వేశాను. జబ్బు ఒక్కటే.

"అమ్మా, ఈ తేదీ ఎవరు మార్చారండీ?" అన్నాను.

కోడలుగారు మామగారి వైపు చూసింది. మామగారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు.

"నేనే అన్నయ్యగారూ. కంప్యూటర్ కొనేసరికి శుక్రమూఢం వచ్చేసింది. మూఢంలో కొత్త వ్యాపారం పెట్టగూడదని మామయ్యగారన్నారు. మూఢం ముందు వచ్చిన మంచిరోజు తేదీ పెట్టేసి పూజ చేసేశాం."

"పూజ చేసి వారం దాటిందిగా. ఆ తేదీ మాత్రం ముందుకి జరగదా?"

"జరుగుతోందండీ. రోజూ పొద్దున నేను మళ్ళీ వెనక్కి తెస్తున్నా. లేకపోతే అది కూడా మూఢంలోకి వెళ్ళిపోద్ది గదా."

ఆ పెట్టెలో వారం రోజులుగా ఒకే రోజు నడుస్తోంది! లోకమంతా మంగళవారాలూ గురువారాలూ గడుపుతుంటే ఆ ఒక్క పెట్టె మాత్రం ప్రతి ఉదయం అదే శుభదినాన నిద్ర లేస్తోంది. నేను ఆ వారంలో యాంటీవైరస్ పీకాను, సంతకాల జాబితా మార్చాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను.

"మరి నాకు చెప్పలేదేంటమ్మా?"

"మీరు ఇంటర్నెట్ అన్నారు, వెర్షన్ అన్నారు, యాంటీవైరస్ అన్నారు. తేదీ అనలేదుగా."

దీనికి ఎదురు చెప్పగల మొగాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"తేదీ ఇయ్యాల్టిది చేస్తే క్షణంలో నడుస్తుందండీ బాబాయిగారూ."

"కుదరదు. మూఢం ఇంకా నెలపైన ఉంది."

"అప్పటిదాకా ఇది నడవదండీ."

"అయితే నీ ప్రోగ్రామే మార్చు."

పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క లైను ఉంది. అది పెడితే ఈ ముసలాయనకి మూఢం మిగులుతుంది, నాకు పని మిగులుతుంది. చిక్కుడుకాయలు విరిగిన చప్పుడు చెవిలో వినపడకపోతే పెట్టేసేవాణ్ణే. పెన్‌డ్రైవ్ జేబులో పడేసి, బల్ల మీదున్న మాత్రల అట్ట ఒకటి తీసి ఆయన ముందు పెట్టాను.

"బాబాయిగారూ, దీని మీద తయారీ తేదీ వచ్చే నెలది అనుకోండి. ఇయ్యాల మీ కొట్టుకి వస్తే తీసుకుంటారా?"

"వచ్చే నెల తయారయ్యే మందు ఇయ్యాలెట్టా వస్తది? అది దొంగ సరుకు. బయటికి గెంటిస్తా."

"మీ కంప్యూటరూ అదే చేస్తోందండీ. దాని లెక్కలో ఇది నెల కిందటి రోజు. మొన్న మొన్న తయారైన కార్డు చూపిస్తే దొంగ సరుకంటోంది. తప్పు దానిది కాదండీ. మీ దగ్గర పని చేసేది మీలాగే ఉంది."

పెద్దాయన అట్టని తిప్పి తిప్పి చూశారు. రెండు తేదీలూ చదివారు. ఆయన ముఖంలో కంప్యూటర్ మీద మొదటిసారి కొంచెం గౌరవం కనిపించింది. కానీ మూఢం మూఢమే. కదల్లేదు. గడియారం ఎనిమిదీ నలభై తొమ్మిది.

కదిలించింది కోడలుగారు. ఫోన్ పక్కన పెట్టి, చాలా మెల్లగా అంది: "మూఢంలో మొదలెట్టగూడదు గానీ మామయ్యగారూ, ముందే మొదలైన పని ఆపక్కర్లేదు గదండీ. మన తేదీ ప్రకారం పని మంచిరోజునే మొదలైంది. ఇక సాగటమేగా."

అంత పెద్ద న్యాయసూత్రాన్ని నందిగామ కోర్టులో కూడా ఎవరూ విని ఉండరు. పెద్దాయన ఆలోచించారు. ఆ ఆలోచన సాగుతుండగా హైవే మీద ఒక వంద లారీలైనా వెళ్ళి ఉంటాయి.

"అయితే ఆ తేదీ మీద 'శ్రీ' చుడతా. చుట్టాక మార్చుకోండి," అన్నారు.

తెల్ల పేజీ తెరిచి ఇచ్చాను. తెలుగు కీబోర్డు పెట్టాను. ఆయన ఒక్క వేలు పైకెత్తి అక్షరాల మీద గరుడ పక్షిలా తిరిగారు. శకారం ఎక్కడుందో దొరకలేదు. దొరికింది గానీ సకారం పడింది. చెరిపారు. నేను చెయ్యి చాపితే, "ముట్టుకోకు, నేనే కొట్టాలి," అన్నారు. ఎనిమిదీ యాభై ఆరుకి శకారం పడింది. రావత్తు ఎలా తగిలించాలో చెప్పాను. ఈకారం చెప్పాను. ఎనిమిదీ యాభై తొమ్మిదికి తెర మీద ఒక 'శ్రీ' వెలిసింది. ఆయన దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టాను, వేరే కారణానికి.

తేదీ మార్చాను. మీట నొక్కాను. ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోడలుగారు అప్పుడే చదవడం మొదలెట్టింది, మైలవరానికి దగ్గు మందు, వత్సవాయికి బీపీ మాత్రలు.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా? మంచిరోజున మొదలెడితే ఎట్టా నడుస్తదో!"

వారం రోజుల నా పాండిత్యం ఆ ఒక్క వాక్యంలో కొట్టుకుపోయింది. పోతే పోయింది. నాకు కావలసింది ఇంకో మాట.

"మరి సోమవారం విజయవాడ వాళ్ళు వస్తారన్నారు గదండీ?"

"ఎవరొస్తారయ్యా! మూఢంలో కొత్తవాళ్ళని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా?"

"అంటే వాళ్ళు... అసలు..."

"పిలిస్తేగా రావటానికి. నీతో మూఢం రాకముందే మాటైంది, నీకు ఇబ్బంది లేదు."

"మరి నాతో అట్టా ఎందుకన్నారండీ?"

"అనకపోతే రోజూ బస్సెక్కి వచ్చేవాడివా?" అన్నారు పెద్దాయన, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ.